ప్లాస్మా చదువుతానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మాది చిత్తూరు. చిన్న ఎలక్ట్రికల్ షాపు. అమ్మాయి తిరుపతిలో బీఎస్సీ ఫిజిక్స్ ఫైనలియర్. బీఈడీ చేసి టీచరుగా స్థిరపడమంటే వినదు. ఎమ్మెస్సీ చేసి, 'ప్లాస్మాలో గ్యాసుల పాళ్లు మార్చి ఎలక్ట్రాన్ల శక్తిని అదుపు చేయడం' మీద రీసెర్చ్ చేస్తుందట. మాకు ఆ మాటే అర్థం కాలేదు. ఇది తిండి పెట్టే చదువేనా?

జవాబు: మీ కౌంటర్ మీద టెస్టర్ ఉంటుంది కదా, దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకోండి. లోపల నారింజ రంగులో వెలిగే బుల్లి బల్బులో ఉండేది నియాన్ అనే గ్యాస్. కరెంటు పారి, పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడి అలా వెలిగే గ్యాసునే ప్లాస్మా అంటారు. అలాంటి దీపాల్లో నియాన్‌కి చిటికెడు ఆర్గాన్ కలిపితే తక్కువ వోల్టేజీకే వెలుగుతాయి. శక్తి పుంజుకున్న నియాన్ పరమాణువు దగ్గర 16.6 ఎలక్ట్రాన్ వోల్టులు (ఇంత చిన్న శక్తిని కొలిచే కొలత ఇది) నిలవ ఉంటాయి. ఆర్గాన్ నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టడానికి 15.8 చాలు. రెండూ గుద్దుకుంటే పని అయిపోతుంది. దీన్ని పెన్నింగ్ ఎఫెక్ట్ అంటారు. అమ్మాయి సబ్జెక్టుకు చుట్టం లాంటి సంగతి ఇది, మీ షాపులోనే ఉంది.

ఇక అమ్మాయి చెప్పిన అసలు విషయం. గంగజాతరలో పిల్లవాడి చేతికి డబ్బిచ్చి వదిలామనుకోండి. అన్నీ చిల్లర అంగళ్లే అయితే రెండుకూ మూడుకూ ఏదో ఒకటి కొని జేబు ఖాళీ చేసుకుంటాడు. నైట్రోజన్‌లో ఎలక్ట్రాన్ పరిస్థితి అదే. అణువులను ఊపడానికే రెండు మూడు ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర దాని శక్తి కరిగిపోతుంది. హీలియం వీధిలో దాదాపు 20కి తక్కువ సరుకే దొరకదు, అందుకని పిల్లవాడి జేబు నిండుతూ పోతుంది. కాబట్టి హీలియం పెంచితే ఎలక్ట్రాన్ల శక్తి సాధారణంగా పెరుగుతుంది, నైట్రోజన్ కలిపితే తగ్గుతుంది. యాక్రిలిక్ నేమ్ బోర్డులు కోసే లేజర్ గొట్టంలో కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్, హీలియం కలిపి నింపేది ఇలాంటి లెక్కతోనే. ఆ లేజర్‌ను 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టిన కుమార్ పటేల్ మన బారామతిలో పుట్టి, పుణెలో ఇంజినీరింగ్ చదివినాయన.

తిండి సంగతికి వస్తాను. చిప్‌ల తయారీలో సిలికాన్ మీద సన్నటి గాడులు చెక్కేది ప్లాస్మాతోనే. ఏ గ్యాస్ ఎంత పంపాలో తెలిసిన ప్రాసెస్ ఇంజినీరుకు అక్కడ పని ఉంటుంది. ఆ మెషీన్లు చేసే అప్లయిడ్ మెటీరియల్స్, లామ్ రీసెర్చ్ కంపెనీలకు బెంగళూరులో ఆఫీసులున్నాయి. చిత్తూరు వాళ్లకు బెంగళూరు ఎంత దూరం! కానీ బీఎస్సీతో ఆ గుమ్మం ఎక్కలేరు. ఎమ్మెస్సీ తప్పదు, పీహెచ్‌డీ అయితే ఇంకా మంచిది. పీహెచ్‌డీ అనగానే ఖర్చని భయపడకండి. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు వాళ్లే ఇస్తారు. గాంధీనగర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ ప్లాస్మా రీసెర్చ్ ఈ సబ్జెక్టుకు పుట్టినిల్లు లాంటిది. దగ్గరలో కావాలంటే, తిరుపతి బస్సులో వెళ్తూ మీరు చూసే గాదంకిలోనే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడ రాడార్‌తో ఆకాశంలోని ప్లాస్మాను గమనిస్తారు. అయితే ఆ ప్లాస్మాలో గ్యాసులు కలపడం ఎవరి చేతిలోనూ లేదు!

ఒక్క విషయంలో అమ్మాయిని గట్టిగా అడగండి: ప్లాస్మా గొట్టంలోంచి గాలి తోడేసే వాక్యూమ్ పంపుతో కుస్తీ పట్టే ఓపిక ఉందా? నేను ఎమ్మెస్సీలో ఉండగా ఆర్గాన్ ప్లాస్మా ఊదా రంగు వదిలి గులాబీ తిరిగింది. ఎక్కడో లీకై గాలి దూరింది. అంటే అడగకుండానే నైట్రోజన్ కలిసి నా కొలతలన్నీ పాడు చేసింది. ఆ లీకు దొరకడానికి తొమ్మిది రోజులు పట్టింది, కారణం గాలి దూరకుండా బిగించే ఓ-రింగ్ అనే రబ్బరు రింగు మీద తల వెంట్రుక. నాకైతే విసుగొచ్చి కౌన్సెలింగ్‌లోకి వచ్చేశాను. ఆ తొమ్మిది రోజులూ సరదాగా గడిపేవాళ్లే ఈ రంగంలో నిలబడతారు.

బీఈడీ మంచిదే, ఎమ్మెస్సీ అయ్యాక కూడా చేయొచ్చు. రెండూ ఒకేసారి నెత్తిన పెట్టి టెన్షన్ చేయకండి. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది, తిరుపతి ఐఐటీ కూడా అందులోదే. ఎస్వీ యూనివర్సిటీకి పీజీసెట్. రెండూ రాయించండి. ఈలోగా ఆదివారం ఇంటికొచ్చినప్పుడు ఆ టెస్టర్ చేతికిచ్చి, ఎందుకు వెలుగుతుందో మీకు అర్థమయ్యేలా చెప్పమనండి.