వార్డులో ఆరుగురం, మంచం మీద ఒక్కరు

ప్రశ్న: నేను ఎంబీబీఎస్ మూడో సంవత్సరం. వార్డులో మర్రిగూడ వైపు నుంచి వచ్చిన తాత ఉన్నాడు. ఫ్లోరోసిస్‌తో (తాగే నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయే జబ్బు) నడుము వంగిపోయింది. ఆరుగురం ఒకరి తర్వాత ఒకరం పరీక్ష చేశాం. చివరికి "ఇంకెంతమంది ఉన్నరు బిడ్డా?" అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మాది తప్పేనా?
– ఒక విద్యార్థిని, నల్లగొండ

జవాబు: తప్పేనమ్మా. నీ ఒక్కదానిదే కాదు, నేనూ చేశాను. గడ్డం ఛాతీకి ఆనించు, వంగి కాలివేళ్లు ముట్టుకో, చేతులు తల వెనక్కి పెట్టు... ఈ మూడూ ఒకాయనతో పదిసార్లు చేయించాం. పదిసార్లూ ఆయన వంగలేకపోయాడు. మాకు మార్కులు పడ్డాయి.

రేపు ముందు "చూడొచ్చా తాతా?" అని అడుగు. వద్దంటే వచ్చేయ్. ఒకరు చేస్తే మిగతావాళ్లు చూస్తే చాలు. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం మాత్రం వద్దే వద్దు (మా రోజుల్లో ఆ టెన్షన్ లేదులే).

లీటరు నీళ్లలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని నువ్వు చదివే ఉంటావు. ఇప్పుడు కృష్ణా నీళ్లు తాగినా, అలా బిగుసుకుపోయిన వెన్ను మళ్లీ నిటారు కాదు. ఆ సంగతి తాతకు నీకంటే బాగా తెలుసు. ఏ బావి నీళ్లు తాగి పెరిగాడో, నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయో అడిగి కేస్ షీట్‌లో రాయి. మంచం పక్కన స్టూలు ఉంటుంది, లాక్కుని కూర్చో.