షాబ్లీ కొనబోతున్న మేనల్లుడికి

యానాం
మార్చి నెలాఖరు

ఒరేయ్ అల్లుడూ,

నీ మెసేజి చూశాను. "మామయ్యా, మా బాసు భోజనానికి పిలిచాడు, ఆయనకి షాబ్లీ వైను ఇష్టమట, ఏ సీసా పట్టుకెళ్లను?" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. ముప్పై ఏళ్లకి పైగా పారిస్‌లో జనం గ్లాసుల్లో వైను వంచినవాణ్ణి, ఒక్క ముక్కలో జవాబు ఎలా చెప్పమంటావురా? ఫోన్ చేస్తే సగం విని "సరే సరే" అంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇక్కడ యానాంలో ఎటు చూసినా మందు కొట్లే, చుట్టుపక్కల జిల్లాల వాళ్లంతా చవకని ఇక్కడికే వస్తారు, షాబ్లీ మాత్రం నా కంటికి ఒక్కచోటా కనబళ్లేదు. రాస్తుంటేనే నోరూరుతోంది.

సూపర్ మార్కెట్లో కొనకు. షాబ్లీ అంటే ఆ తెల్ల వైనే కాదు, అది పుట్టే ఊరి పేరు కూడా. ఒక శనివారం ఖాళీ చేసుకుని ఆ ఊరే వెళ్లు. పారిస్ నుంచి ఏ6 రోడ్డు మీద రెండు గంటలు, 180 కిలోమీటర్లు. బర్గండీ అనే ప్రాంతపు వైను కదా అని, అక్కడి పెద్ద ఊరు దిజోన్ దాకా పోయేవు! షాబ్లీ లెక్కకి బర్గండీదే గానీ, మిగతా బర్గండీకి విడిపోయి ఉత్తరాన యోన్ జిల్లాలో ఉంటుంది. వేరుకాపరం పెట్టిన తమ్ముడిలాగా. అక్కణ్ణించి షాంపేన్ పొలాలే దగ్గర. రైల్లో అయితే బెర్సీ స్టేషన్లో ఎక్కి ఒసేర్‌లో దిగు. రాతలో "ఆక్సెర్" లాగా కనిపిస్తుంది, అలా పలికితే టిక్కెట్టు ఇచ్చే అమ్మాయి నవ్వుతుంది, నన్ను చూసి నవ్వింది. ఒసేర్ నుంచి ఇంకో ఇరవై కిలోమీటర్లు. వెళ్లే ముందు ఫోన్ చేసి టైము అడుగు. పన్నెండు నుంచి రెండింటి దాకా ఊరంతా భోజనాల దగ్గరే ఉంటుంది. సెప్టెంబరులో కోతలప్పుడు అసలు వెళ్లకు.

దిగగానే సీసాల గదిలోకి దూరకు. ముందు సెరాన్ నది వంతెన దాటి ఎదురుగా ఉన్న కొండవాలు చూడు. నది కుడి ఒడ్డున, మధ్యాహ్నపు ఎండ తగిలేలా నైరుతి వైపు తిరిగి, సుమారు వంద హెక్టార్లు. షాబ్లీలో అన్నిటికంటే పై రకం, గ్రాండ్ క్రూ అంటే మొత్తం అదే. ఆ ఒక్క వాలుని ఏడు ముక్కలుగా పంచి ఏడు పేర్లు పెట్టారు: బ్లాంషో, బుగ్రో, లె క్లో, గ్రెనూయ్, ప్రెజ్, వాల్మూర్, వోదెజీర్. గ్రెనూయ్ అంటే కప్పలు. నది పక్కనే ఉంది మరి.

ఇప్పుడు కిందకి వంగి ఒక రాయి తీసుకో. మన కోరంగి వైపు గుల్ల సున్నం గుర్తుందా, చిప్పలు కాల్చి చేసేది? ఆ మట్టిని చూడగానే నాకు అదే గుర్తొచ్చింది. తెల్లటి సున్నపు బంకమట్టి, మధ్యలో గోరంత ఆలిచిప్పలు రాయిగా మారి అతుక్కుపోయి ఉంటాయి. పదిహేను కోట్ల ఏళ్ల కిందట అక్కడ సముద్రం ఉండేది. ఆ నేలని కిమెరిజియన్ అంటారు, ఇంగ్లండులో ఇదే రాయి దొరికే కిమెరిజ్ అనే ఊరి పేరు మీద. షాబ్లీలో సముద్రం రుచి తగులుతుందని ప్రతి రైతూ చెప్తాడు. రాతిలోని ఉప్పూ సున్నమూ వేరులోంచి ఎక్కి నేరుగా నాలుక మీదకి రావడం జరిగే పని కాదని భూగర్భ శాస్త్రం చదివినవాళ్లు కొట్టిపారేస్తారు. వాళ్లు చెప్పేదే నిజమై ఉండొచ్చు. నేను మాత్రం ముప్పై ఏళ్లూ బల్ల దగ్గర సముద్రం కథే చెప్పాను.

సీసా మీద చదవాల్సింది నాలుగు మెట్లు. అడుగున పెతీ షాబ్లీ, దాని మీద ఉత్త షాబ్లీ, ఆ పైన ప్రీమియే క్రూ, అన్నిటికీ పైన గ్రాండ్ క్రూ. ద్రాక్ష మాత్రం అన్నిటికీ ఒకటే, షార్డొనే. నేల, ఎండ మారితే మెట్టు మారుతుంది. పెతీ షాబ్లీ చాలావరకు కొండల నెత్తి మీది గట్టి సున్నపు నేలల్లోది. ఎండాకాలం సాయంత్రం తాగడానికి బాగుంటుంది, బాసు ఇంటికి మాత్రం వద్దు. 1938 నుంచీ షాబ్లీ అన్న పేరుకి చట్టం కాపలా ఉంది. అమెరికాలో ఏ ద్రాక్షో పిండి పెద్ద పెద్ద సీసాల్లో పోసి దానికీ షాబ్లీ అని పేరు పెట్టి అమ్మారు. దాన్ని తాగి "నాకు షాబ్లీ పడదు" అన్నవాళ్లకి నేను బోలెడంత మందికి గ్లాసు మార్చి ఇచ్చాను.

నా మాట విని ప్రీమియే క్రూ కొను. గ్రాండ్ క్రూ ధర దానికి రెట్టింపు ఉంటుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. పైగా దాన్ని పదేళ్లు పడుకోబెట్టాలి. లేత గ్రాండ్ క్రూ అంటే పచ్చి మామిడికాయని పండనుకుని కోసుకోవడమే. ప్రీమియే క్రూ అయితే నాలుగైదేళ్లకే నోరు తెరుస్తుంది. పేర్లు బోలెడు, నువ్వు మూడు గుర్తుపెట్టుకో: మోంతే ద తోనేర్, ఫుర్షోమ్, వయ్యోన్. మొదటిది ఆ గ్రాండ్ క్రూ వాలుకి పక్కనే ఉంటుంది, నాకు అదే ఇష్టం. రైతుల సహకార సంఘం లా షాబ్లిజియెన్ 1923 నుంచీ ఉంది, అక్కడ మొహమాటం లేకుండా అన్ని మెట్లూ వరసగా రుచి చూడొచ్చు. రుచి చూసి ఉమ్మెయ్యి. నవ్వకు, అక్కడ అందరూ ఉమ్ముతారు, దానికో తొట్టె ఉంటుంది. నీ లైసెన్సు కొత్తది, నీలాంటివాళ్లకి రక్తంలో లీటరుకి 0.2 గ్రాములు దాటకూడదు. ఒక్క గ్లాసు మింగినా దొరికిపోతావు.

షాబ్లీని డ్రై వైను అంటారు. డ్రై అంటే తీపి మిగలని వైను, అంతే. మొదటి గుక్కకి నీకు పులుపే తెలుస్తుంది. మింగాక, ఉసిరికాయ కొరికి మంచినీళ్లు తాగినట్టు, వెనక ఏదో మెల్లగా వస్తుంది. దానికోసం ఆగు.

వెళ్లేది ఏప్రిల్‌లో కాబట్టి రైతుల మొహాలు చూసి మాట్లాడు. అప్పుడే చిగురు వేస్తుంది, అప్పుడే మంచు కురుస్తుంది. ఒక్క రాత్రి సున్నా కిందకి పడిపోతే ఆ ఏటి పంటలో ఎంత పోతుందో చెప్పలేం. 2021 ఏప్రిల్‌లో అలాగే కొట్టింది. తీగల మధ్య వరసగా మైనం డబ్బాలు వెలిగించి తెల్లారేదాకా కాపలా కాస్తారు. కొండంతా కార్తీక దీపాల్లా ఉంటుంది, చూసేవాడికి అందం, తోట ఉన్నవాడికి గుండె దడ. ఇంకొందరు చిగుళ్ల మీద నీళ్లు చల్లుతారు. నేను మొదట నమ్మలేదు. గడ్డకట్టేటప్పుడు నీరు కాస్త వేడి వదులుతుంది, ఆ గాజు లాంటి గడ్డ లోపల చిగురు సున్నా దగ్గరే ఉండి బతుకుతుంది. కానీ గడ్డ కరిగేదాకా నీళ్లు ఆపకూడదు, ఆపితే అసలు నీళ్లు చల్లకుండా ఊరుకున్నదాని కంటే ఎక్కువ నష్టం. ఈ మంచు దెబ్బలూ, అంతకుముందు తీగల వేళ్లు తినేసిన ఫిలోక్సెరా పురుగూ కలిసి 1950ల నాటికి అక్కడ 500 హెక్టార్లకి మించి తోట మిగల్లేదు. ఇప్పుడు 5,000 దాటింది. అందుకని ధర బేరమాడకు. అది మన సంత కాదు.

ఇక వడ్డన. కొత్తలో నేనొక పెద్దాయనకి పాత గ్రాండ్ క్రూ సీసాని ఐసు బకెట్లో ముంచి పెట్టాను. ఆయన ఒక గుక్క తాగి, కోప్పడకుండా, గ్లాసుని రెండు చేతుల మధ్య పెట్టుకుని పావుగంట వెచ్చబెట్టాడు. నేను అక్కడే నిలబడి చూడాల్సొచ్చింది. తిట్టినా బాగుండేది. ఫ్రిజ్‌లోంచి అరగంట ముందే బయటికి తియ్యమని బాసుగారింట్లో మెల్లగా చెప్పు. ప్రీమియే క్రూకి పది పన్నెండు డిగ్రీలు చాలు.

దాంతోపాటు పచ్చి ఆలిచిప్పలు పెడితే కాదనకు, కళ్లు మూసుకుని మింగెయ్. ఆవిరి మీద ఉడికిన చేప, మేకపాల జున్ను (అదే, చీజు), అక్కడి గుజేర్ అనే జున్ను బూరెలు, ఇవన్నీ కుదురుతాయి. మీ అమ్మ రొయ్యల వేపుడు కూడా కుదురుతుంది, కారం సగం తగ్గిస్తే. పులస పులుసుతో మాత్రం ముట్టుకోకు. చింతపండూ షాబ్లీ ఒక నోట్లో పట్టవు, రెండూ పాడవుతాయి.

వేసవిలో నువ్వు ఇంటికొచ్చేటప్పుడు నాక్కూడా రెండు సీసాలు తే, మోంతే ద తోనేర్. రెండు లీటర్ల దాకా కస్టమ్స్ వాళ్లు పన్ను వెయ్యరు, రెండు సీసాలు కలిపినా లీటరున్నరే. కిందటేడు మీ అమ్మ ఆవకాయ డబ్బాని లుంగీలో చుట్టి, పైన తువ్వాలు కట్టి నీ సూట్‌కేసులో పెట్టాను చూడు, వీటినీ అలాగే చుట్టు.

మీ మామయ్య