గిటార్ నెక్: మెరుపు తీయాలా, రంగు మార్చాలా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం గిటార్ నెక్ పాలిష్ గురించే. అందుకని తీగలు, ఆంప్‌ల సంగతి వచ్చే నెలకి వాయిదా వేశాను. ఒక్క మాట ముందే చెప్తాను, ఇక్కడిదంతా నెక్ (చేత్తో పట్టుకుని తీగలు నొక్కే పొడుగాటి భాగం) పైపూత గురించే. ఫ్రెట్లు (నెక్ మీది లోహపు మెట్లు) అరిగినా నెక్ వంగినా ఈ జవాబులు పనికిరావు, దానికి రిపేరు చేసేవాళ్ల దగ్గరికే వెళ్లాలి.

ప్రశ్న: సార్, మాది విజయనగరం, ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తాను. నా గిటార్ నెక్ బాగా గ్లాసీగా, కొంచెం పసుపు ఛాయతో ఉంటుంది. చూడ్డానికి బాగానే ఉంది గానీ, స్టేజి మీద లైట్ల వేడికి చెయ్యి చెమట పట్టిందంటే బొటనవేలు నెక్‌కి అతుక్కుపోతుంది, పైకీ కిందికీ జారదు. వార్నిష్ మొత్తం గీకేసి నూనె రాయమని మా ఫ్రెండు అంటున్నాడు. మా ఇంటి తలుపులకి పాలిష్ చేసినాయన మెరుపు లేని మ్యాట్ మెలమైన్ పాలిష్ కొట్టేస్తానంటున్నాడు. సిరిమాను పండక్కి ప్రోగ్రాములున్నాయి, టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా వద్దు తమ్ముడూ. వాళ్లు చెడ్డ సలహా ఇచ్చారని కాదు, నీ ఇబ్బంది అంత పెద్దది కాదు. నీకు పడనిది పూత పైనున్న నున్నదనం ఒక్కటే. దానికోసం పూతంతా ఊడబెరకడం ఎందుకు, దాని మీద ఇంకో పూత ఎందుకు?

ఇప్పుడు ఫ్యాక్టరీల నుంచి వచ్చే మేపుల్ (లేత రంగు గట్టి చెక్క) నెక్‌లలో చాలావాటికి పాలీయురేథేన్ గానీ పాలియెస్టర్ గానీ కొడతారు, గిటార్ వాళ్లు రెండిటినీ కలిపి పాలీ అనేస్తారు. అది చెక్కలోకి ఇంకదు, పైన గట్టి ప్లాస్టిక్ పొరగా ఉండిపోతుంది. ఆ పొర నున్నగా ఉన్నప్పుడు అరచెయ్యి, బొటనవేలు దానికి పూర్తిగా ఆనుకుంటాయి, మధ్యలో చెమట చేరిందా, ఇక పట్టేస్తుంది. అదే పొర మీద సన్నటి గీతలు పడితే చర్మం ఆనే చోటు తగ్గుతుంది, చెయ్యి జారుతుంది. మెరుపు పోయేదీ ఆ గీతల వల్లే, వాటి మీద పడ్డ వెలుతురు చెదిరిపోతుంది కాబట్టి. అంటే నువ్వు చెయ్యాల్సిందల్లా నెక్ వెనకవైపు ఒక పద్ధతిగా గీతలు పెట్టడమే. చెక్క బయటపడదు, రంగు మారదు.

దానికీ ముందు ఇంకో పనుంది, నెక్ తుడువు. నవ్వకు, నిజంగానే చెప్తున్నాను. చెమట, చర్మం మీది నూనె, స్టేజి దుమ్ము కలిసి జిడ్డు పేరుకుంటుంది, చాలామంది దాన్నే పాలిష్ దోషం అనుకుంటారు. చెయ్యి జారడానికని క్యారమ్ బోర్డు పౌడరు రాసుకునేవాళ్లు కూడా ఉన్నారు, అది చెమటతో కలిస్తే పేస్టే. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసిన నీళ్లలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడువు. ఒక రిహార్సల్ వాయించి చూడు. అతుకుడు పోతే ఇక మిగతాది చదవక్కర్లేదు.

పోకపోతే కార్ల పెయింటింగ్ సామాను అమ్మే షాపుకెళ్లి బూడిద రంగు స్కాచ్‌బ్రైట్ అడుగు. వంటింట్లో ఉండే పచ్చది వద్దు, అది గరుకు ఎక్కువ, గీతలు కంటికి కనబడతాయి. బూడిదది దొరకకపోతే 1000 నంబరు వాటర్ పేపరు (తడిపి రుద్దే సాండ్ పేపరు) తీసుకో. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుందని గుర్తుంచుకో, 400 తెచ్చి మొదలుపెట్టావో పని పాడవుతుంది. గిటార్ వీడియోల్లో 0000 స్టీల్ ఊల్ (సన్నటి ఇనుప పీచు) వాడమని చెప్తుంటారు. దాంతో పని నున్నగానే వస్తుంది, కాకపోతే రాలే ఇనుప పొడి పికప్‌ల (తీగల కింద శబ్దాన్ని పట్టే భాగాల) అయస్కాంతాలకి అంటుకుంటే ఇక వదలదు. వాడితే పికప్‌లని టేపుతో పూర్తిగా మూసెయ్యి. అసలు దాని జోలికి పోకపోతే ఇంకా మంచిది.

తీగలు వదులు చేసి తీసెయ్యి. నీది నాలుగు స్క్రూల నెక్ అయితే విప్పి ఒళ్లో పెట్టుకుని చేసుకోవచ్చు. మళ్లీ బిగించేటప్పుడు మాత్రం ప్రతి స్క్రూనీ మొదట వెనక్కి తిప్పు, పాత మరలో టక్కుమని పడ్డాకే ముందుకి తిప్పు, లేకపోతే అది కొత్త మర కోసుకుని రంధ్రం గుల్లైపోతుంది. లెస్ పాల్ లాంటి గిటార్లకి నెక్ అతికించేసి ఉంటుంది, అక్కడ ఊడదీయడం కుదరదు, బాడీకి టేపు వేసి చేసుకోవాలి.

మాస్కింగ్ టేపు ఫింగర్‌బోర్డు (తీగల కిందుండే ముందువైపు పలక) అంచుల వెంట వెయ్యి, పైన తీగలు బిగించే హెడ్‌స్టాక్ మొదలయ్యే చోట, కింద నెక్ బాడీని కలిసే హీల్ దగ్గర వెయ్యి. ఫింగర్‌బోర్డు కూడా మేపులే అయి దాని మీదా పూత ఉంటే దాన్ని ముట్టుకోకు, అక్కడ వేళ్లు ఎక్కువగా ఆనేది తీగలకీ ఫ్రెట్లకీ గానీ చెక్కకి కాదు. ఇక నెక్ పొడవునా, ఒకే దిక్కుగా, పై నుంచి కిందిదాకా ఆపకుండా రుద్దు. గుండ్రంగా తిప్పకూడదు, అడ్డంగా అస్సలు వద్దు. కొంతసేపు రుద్దాక తుడిచి, ట్యూబులైటు కింద పక్కకి వంచి చూడు, మెరిసే మచ్చలుంటే అక్కడ మళ్లీ రుద్దు. చేతిని తేలిగ్గా ఉంచాలి. నీ నెక్‌లో పసుపు ఛాయ ఉందన్నావు కదా, అది చాలాసార్లు చెక్కది కాదు, పూతలో కలిపిన రంగు. గట్టిగా నొక్కితే, అందులోనూ పూత పల్చగా ఉండే అంచుల దగ్గర, అక్కడక్కడ తెల్లగా తేలిపోతుంది. రాలే పొడి తెల్లగా ఉన్నంతసేపూ ఫర్వాలేదు, పసుపు పొడి కనబడితే అక్కడితో ఆపెయ్యి.

ఈ పద్ధతి నాకు నచ్చడానికి ఇంకో కారణం ఉంది. రేపు మళ్లీ మెరుపే కావాలనిపిస్తే, పూత ఎక్కడికీ పోలేదు కాబట్టి 1500, ఆ తర్వాత 2000 వాటర్ పేపరుతో రుద్ది, కార్లకి వాడే రబ్బింగ్ కాంపౌండుతో పాలిష్ చేస్తే వచ్చేస్తుంది.

ఇక మీ ఫ్రెండు నూనె సంగతి. నూనె రాసిన నెక్ హాయిగానే ఉంటుంది, కాదనను, మ్యూజిక్ మ్యాన్ లాంటి కంపెనీ చాలా నెక్‌లకి తుపాకీ మడమలకి రాసే నూనె, మైనమే వాడుతుంది. కానీ నూనె ఇంకాలంటే చెక్క బయటపడాలి, అంటే పాలీ మొత్తం పోవాలి. హీట్ గన్ పెట్టి, గీకి, గంటలకొద్దీ సాండ్ పేపరు పట్టాలి. ఆ పనిలో నెక్ వెనక వంపు ఎక్కడో ఒకచోట మారిపోతుంది, చేతికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. పైగా నూనె పాలీలాగా తేమని ఆపదు, మన తీరపు గాలికి మేపుల్ కొంచెం కొంచెంగా కదులుతూనే ఉంటుంది, చేతి మురికికి నల్లబడుతుంది, అప్పుడప్పుడు మళ్లీ రాసుకోవాలి. ఇవన్నీ తెలిసీ చేస్తానంటే ఒక జాగ్రత్త: అవిసె నూనె, టంగ్ నూనె తుడిచిన గుడ్డలని ఉండచుట్టి మూల పడెయ్యకు. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా ఉన్న గుడ్డకి దానంతటదే మంట అంటుకోవచ్చు. బయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి.

మెలమైన్ తలుపులకీ, బల్లలకీ మంచిదే. నీ నెక్ మీద నిలబడాలంటే ముందు పాలీని గరుకు చెయ్యాలి, అలా గరుకు చేసేసరికే నీకు కావలసింది వచ్చేస్తుంది, ఇంకా పైన పూత దేనికి? సిరిమాను గురించి బెంగ పెట్టుకోకు. స్కాచ్‌బ్రైట్ పని ఒక సాయంత్రంలో అయిపోతుంది, కొత్త తీగలు వేసుకుని మర్నాడే వాయించుకోవచ్చు.

ప్రశ్న: కొత్తగా కొన్న గిటార్ నెక్ శాటిన్ (మెరుపు తక్కువున్న పూత) అన్నారు. కొన్ని నెలలకే చెయ్యి తిరిగే చోట మెరుస్తోంది, మిగతాచోట మ్యాట్‌గా ఉంది. డూప్లికేటు అంటగట్టారా? (పలాస నుంచి ఒక పాఠకుడు)

జవాబు: లేదండీ. శాటిన్ పూత మీది సన్నటి గరుకు చేతి రాపిడికి అరిగి నున్నబడుతుంది, అసలైన గిటార్లకీ అంతే. ఎక్కువ వాయిస్తున్నారన్నమాట. ఇబ్బందిగా ఉంటే పైన చెప్పిన బూడిద స్కాచ్‌బ్రైట్‌తో పొడవునా నాలుగు దెబ్బలు చాలు.

ప్రశ్న: నాది తెల్లగా ఉండే మేపుల్ నెక్. పాత ఫెండర్ గిటార్ల నెక్‌లకుండే తేనె రంగు అంటే నాకు పిచ్చి. టీ డికాషన్ రాస్తే వస్తుందని ఒకరు, ఎండలో వేలాడదీయమని ఇంకొకరు చెప్పారు. ముదురు గోధుమ రంగైనా ఫర్వాలేదు. ఇంట్లో చేసుకునే దారి చెప్పండి. (శ్రీకాకుళం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: డికాషన్ తాగండి, నెక్‌కి రాయకండి. పాలీ పొర మీద అది నిలవదు, తుడిస్తే పోతుంది. ఎండ కూడా వద్దమ్మా, వేడికి ఫింగర్‌బోర్డు అతుకు వదలొచ్చు, నెక్ మెలి తిరగొచ్చు.

ఆ తేనె రంగు ఎక్కడిదో తెలిస్తే దారి దానంతటదే దొరుకుతుంది. 1954లో ఫెండర్ వాళ్ల స్ట్రాటోకాస్టర్ గిటార్ వచ్చినప్పుడు దాని నెక్, ఫింగర్‌బోర్డు అంతా మేపులే, రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డు 1959 నుంచి వచ్చింది. అప్పట్లో కొట్టింది నైట్రోసెల్యులోజ్ లక్కరు. అది ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది, వాయించేవాళ్ల చేతికి అరుగుతుంది కూడా. ఇప్పుడు పాతకాలపు అందం కావాలనుకునేవాళ్ల కోసం కంపెనీలే లక్కరులో పసుపు, ఎరుపు రంగు కాస్త కలిపి కొడుతున్నాయి. మీరూ అదే చెయ్యాలి.

మన ఊళ్లలో ఫర్నిచర్ పాలిష్ వాళ్లు ఎన్.సి. లక్కరు అని వాడేది ఈ జాతిదే. ఉన్న పూతని 600 పేపరుతో సమంగా గరుకు చేసి, జిడ్డు తుడిచి, ఫింగర్‌బోర్డుకి, లోగోకి టేపు వేసి, లక్కరులో కరిగే రంగు కొద్దిగా కలిపి పల్చటి పూతలుగా స్ప్రే చెయ్యాలి. ఒకే పూతలో రంగు తెచ్చేద్దామనుకుంటే కారిపోతుంది, కారిన చోట రంగు ముదురుగా గీత కట్టేస్తుంది. ప్రతి పూతా ఆరాక చూసుకుంటూ, కావలసిన రంగుకి ఒక మెట్టు ముందే ఆపి, పైన రంగులేని లక్కరు వేసుకోండి. రంగు ఎంత కలపాలో ముందు తెల్ల చెక్కముక్క మీద తేల్చుకోవాలి, నెక్ మీద కాదు.

కష్టమంతా మన వాతావరణంతోనే. గాలిలో తేమ ఎక్కువున్న రోజున ఎన్.సి. లక్కరు కొడితే థిన్నరు ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడి, గాలిలోని నీరు దాని మీద చేరి, తెల్లగా పొగ పట్టినట్టవుతుంది. నిదానంగా ఆరే రిటార్డర్ థిన్నరు కొంచెం కలిపితే తగ్గుతుంది. నా సలహా అడిగితే వానాకాలంలో స్ప్రే గన్ బయటికి తీయకండి, డిసెంబరు దాటాక పొడిగా ఉన్న మధ్యాహ్నం చూసుకోండి. ఆరుబయట, మంట దరిదాపుల్లో లేకుండా, మంచి మాస్కు పెట్టుకుని చెయ్యాలి. అదయ్యాక వెంటనే వాయించబుద్ధి అవుతుంది, కానీ మూడు నాలుగు వారాలైనా ఆగండి, మెత్తటి లక్కరు మీద బొటనవేలి ముద్రలు పడిపోతాయి. ఇంకోటి, లక్కరు కొట్టిన నెక్‌ని రబ్బరు తొడుగున్న స్టాండు మీద ఉంచొద్దు, రబ్బరు దాన్ని మెత్తబరచి మచ్చ వేస్తుంది. నూలు గుడ్డ చుట్టండి.

మీ నెక్ మీదున్నది పాలీయా, లక్కరా అని అనుమానం ఉంటే, నెక్ విప్పి హీల్ లోపలివైపు, ఎవరికీ కనబడని చోట, అసిటోన్ ముంచిన ఇయర్ బడ్ ఒక నిమిషం ఆనించండి. జిగటగా మారితే నైట్రో లక్కరు, మారకపోతే పాలీ. అసిటోన్ అంచుల వెంట ఉండే ప్లాస్టిక్ బైండింగ్‌ని కరిగించేస్తుంది, దాని దగ్గరికి పోనివ్వకండి.

ముదురు గోధుమ రంగు మాత్రం వదిలెయ్యమనే అంటాను. స్టెయిన్ పట్టాలంటే చెక్క బయటపడాలి, బయటపడ్డా మేపుల్ స్టెయిన్‌ని సమంగా పీల్చదు, మచ్చలు మచ్చలుగా తాగుతుంది. అంత ఇష్టమైతే రోస్టెడ్ మేపుల్ నెక్ కొనుక్కోండి. గాలి తక్కువున్న పొయ్యిలో చెక్కని కాలుస్తారు, రంగు లోపలిదాకా ఉంటుంది. స్క్రూల నెక్ అయితే కొలతలు సరిచూసుకుని మార్చుకోవడమే.

ప్రశ్న: మాది బొబ్బిలి. మా అమ్మాయి గిటార్ నెక్ మ్యాట్ చేసుకుంది, బాగుంది. ఇంట్లో అత్తయ్యగారి కాలం నాటి వీణ ఉంది, దాని దండి కూడా అలాగే చేసేస్తానంటోంది. చెయ్యనివ్వమంటారా?

జవాబు: వద్దండీ, ఆపండి. మీ గొల్లపల్లి వీణలు ఒకే పనస దుంగలో తొలిచినవి, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిన పనితనం అది. పాత వీణ మీది పాలిష్ లక్కని స్పిరిట్‌లో కరిగించి పూసినదైతే, గిటార్ పాలీ అంత గట్టిగా ఉండదు, స్కాచ్‌బ్రైట్ కొన్ని రుద్దులకే చెక్కదాకా పోతుంది. మెట్లు నిలబెట్టింది మైనం, మసి కలిపిన ముద్దతో కాబట్టి వేడి కూడా తగలకూడదు, ఎండలోనూ పెట్టొద్దు. శానిటైజరు, స్పిరిట్ రాసుకున్న చేత్తో కూడా ముట్టుకోవద్దని చెప్పండి. మురికి ఉంటే పొడి మెత్తటి గుడ్డతో తుడవమనండి. అంతకు మించి ఏం కావాలన్నా గొల్లపల్లిలో వీణ చేసేవాళ్లకి చూపించండి, మీకు ఎలాగూ దగ్గరే.