ఇల్లు పెనంలా కాలుతోంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: విజయవాడ సింగ్‌నగర్‌లో అయిదో అంతస్తులో అద్దెకుంటున్నామండీ. మా పైన ఇంకేం లేదు, శ్లాబే. రాత్రి పన్నెండైనా మంచం మీద దుప్పటి వేడిగానే ఉంటోంది, పిల్లలు కింద బండల మీద పడుకుంటున్నారు. ఏసీ కొనే స్తోమత లేదు, కొన్నా బిల్లు కట్టలేం. మావారు ఇంకో ఫ్యాన్ కొందామంటున్నారు. నాలుగైదు వేలలో అయ్యే మార్గం ఏదైనా ఉందా?

జవాబు: ఆ ఫ్యాన్ ఇప్పుడే కొనకండి. ముందు ఒక పని చేయండి. రాత్రి తొమ్మిదింటికి ఫ్యాన్ ఆపి, స్టూలెక్కి, పైకప్పుకి అరచెయ్యి ఆనించి చూడండి. తర్వాత పడమటి గోడకి, ఆ తర్వాత తూర్పు గోడకి. ఏది ఎక్కువ కాలుతుంటే మీ డబ్బు అక్కడ పెట్టాలి. మీరు చెప్పిన దాన్నిబట్టి శ్లాబే అయ్యుంటుంది. కాంక్రీటు పగలంతా ఎండ తాగి, పొద్దుగూకాక మొదలుపెట్టి తెల్లవారుజాము దాకా ఆ వేడిని కిందికి వదులుతూనే ఉంటుంది, అందుకే బయట కాస్త చల్లబడినా మీ గదిలో సెగ తగ్గదు. ఫ్యాన్ గాలిని చల్లబరచదు కదా, ఆ శ్లాబు కిందున్న వేడి గాలినే తెచ్చి మీ మీద పోస్తుంది.

కాబట్టి మేడ మీద తెల్లసున్నం. మన పెద్దవాళ్ల పద్ధతే, పేరు మాత్రం ఇప్పుడు కూల్ రూఫ్ అంటున్నారు. తెలంగాణ ప్రభుత్వమైతే 2023లో దీనికోసం ఒక పాలసీయే తెచ్చింది. రంగుల షాపులో పొడి సున్నం తెచ్చి, డ్రమ్ములో నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి, పాత పంచెలో వడకట్టి, అందులో ఫెవికాల్ లాంటి జిగురు కలపండి. జిగురు లేకపోతే వారం తిరక్కుండా బట్టలారేసేవాళ్ల కాళ్లకంటుకుని మెట్ల మీదకి దిగిపోతుంది. మేడంతా ఊడ్చి, కడిగి, ఆరాక ఒక పూత నిలువుగా, అది ఎండాక ఇంకోటి అడ్డంగా వేయించండి. తెల్లవారుజామునే మొదలుపెట్టండి, చేతులకి గ్లౌజులు తప్పనిసరి, కంట్లో పడితే ప్రమాదం. వానలు పడితే పోతుంది, మళ్లీ ఏడాది మళ్లీ వేసుకోవాల్సిందే. నాలుగేళ్లు ఉండాలంటే కూల్ రూఫ్ పెయింట్ ఉంది కానీ అద్దె ఇంటికి అంత ఖర్చు మీరెందుకు పెట్టాలి? గది వేడి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. వినడానికి చిన్న అంకెలా ఉంటుంది గానీ నిద్ర పట్టడానికీ పట్టకపోవడానికీ మధ్య తేడా అదే.

మేడ అందరిదీ కాబట్టి అసోసియేషన్‌కి చెప్పి చేయండి, చెప్పకుండా చేస్తే వాట్సాప్ గ్రూపులో ఆ వేడి వేరే ఉంటుంది. పై అంతస్తులో నాలుగు ఇళ్లుంటే నలుగురూ వేసుకోండి, ఓనరుని సగం భరించమని అడగండి. సాయంత్రం మేడ మీద బకెట్లతో నీళ్లు కుమ్మరించడం మాత్రం వద్దు. నీళ్లూ దండగ, శ్లాబులో పగుళ్లుంటే అవి గోడల్లోకి దిగుతాయి.

మిగిలిన డబ్బుతో పడమటి కిటికీ చూడండి. తెర లోపల కట్టకండి, బయట కట్టండి. లోపల మందపాటి కర్టెన్ వేస్తే ఎండ అద్దం దాటి వచ్చేసి, కర్టెన్ వేడెక్కి, ఆ వేడి గదిలోనే ఉండిపోతుంది. బయట వెదురు తెరో, నర్సరీల్లో కట్టే గ్రీన్ నెట్టో కడితే అక్కడే ఆగుతుంది. ఇక తెల్లవారుజామున నాలుగు నుంచి ఎనిమిది దాకా కిటికీలన్నీ తీసిపెట్టండి, తర్వాత మూసేయండి. టేబుల్ ఫ్యాన్ ఉంటే రాత్రి దాన్ని కిటికీలో బయటికి తిప్పి పెట్టి, ఎదురు కిటికీ తెరవండి. మొదట్లో మీవారు నవ్వుతారు. గదిలో వేడి గాలి బయటికి పోయి ఎదురు వైపు నుంచి చల్లగాలి లోపలికొచ్చాక నవ్వరు.

ఫ్యాన్ కొనాల్సి వస్తే బీఎల్‌డీసీది, అంటే తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్నది కొనండి. మామూలు ఫ్యాన్ 75 వాట్లు తింటే అది 30 దగ్గర సరిపెట్టుకుంటుంది. రోజుకి 16 గంటలు తిరిగితే నెలకి 20 యూనిట్లకు పైగా మిగులుతాయి. మనకి నెత్తి మీద శ్లాబుతో పాటు కరెంటు బిల్లులో ఇంకో శ్లాబు కూడా ఉంది కదా, పైదాంట్లోకి జారకుండా ఉండటానికి ఆ 20 పనికొస్తాయి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటాం. కూలర్ కొన్నాం, గంటలో ఒళ్లంతా జిడ్డుగా అయిపోతోంది. మోసపోయామా?

జవాబు: లేదు, తలుపులు మూసుకుని పెట్టుంటారు. నేనూ చేశాను ఆ పని. ఏసీలాగే అనుకుని గదంతా బిగించి రాత్రంతా వేస్తే పొద్దున డబ్బాలో అప్పడాలు మెత్తబడ్డాయి, అగ్గిపుల్ల వెలగలేదు. కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది, ఆ తడి బయటికి పోయే దారి ఉండాలి. కూలర్‌ని కిటికీకి ఆనించి బయటి గాలి లాక్కునేలా పెట్టి, ఎదురుగా ఇంకో కిటికీ బారెడు తెరవండి. ఏప్రిల్‌లో మీ ఊరి పొడి గాలికి ఇంతకంటే చవకైన చల్లదనం లేదు. ఇదే కూలర్ విజయవాడలో సముద్రపు గాలి తిరిగి ఉక్కపోసే రోజు ఎందుకూ పనికిరాదు, పడమటి వడగాలి వీచే రోజు మాత్రం బంగారం. వారానికోసారి ట్యాంకు ఖాళీ చేసి తోమండి, లేకపోతే దోమల్ని మీరే పెంచినట్టు.

ప్రశ్న: ఖమ్మంలో మా అమ్మ ఒక్కతే ఉంటుంది, 78 ఏళ్లు. రోహిణి కార్తెలో కూడా ఫ్యాన్ చాలంటుంది. చాలుతుందా?

జవాబు: చాలదండీ. గాలి 40 డిగ్రీలు దాటాక ఫ్యాన్ ఒక్కటే పెట్టుకుంటే పెద్దవాళ్లకి ఎదురు సెగ కొట్టినట్టే, వాళ్లకి చెమట కూడా తక్కువ పడుతుంది. తడి తువ్వాలు మెడ మీదా చేతుల మీదా వేసుకుని ఫ్యాన్ కింద కూర్చోమనండి, ఆరగానే మళ్లీ తడపాలి. నీళ్లు బిందెలో ముందురోజు రాత్రే పట్టి ఉంచాలి, మధ్యాహ్నం ట్యాంకు నుంచి వచ్చేవి కాఫీ పెట్టుకునేలా ఉంటాయి. కింద అంతస్తులో తెలిసినవాళ్లుంటే 12 నుంచి 4 దాకా అక్కడ కూర్చోబెట్టండి. మధ్యాహ్నం మూడింటికి రోజూ ఫోన్ చేయండి. మాట తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా అది వడదెబ్బ కావచ్చు, పక్కింటివాళ్లకి చెప్పి 108కి ఫోన్ చేయించండి, బండి వచ్చేలోపు ఒళ్లంతా తడపమనండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దని కూడా చెప్పండి.

ప్రశ్న: టేబుల్ ఫ్యాన్ ముందు ఐస్ గిన్నె పెడితే ఏసీలా ఉంటుందట, నిజమేనా?

జవాబు: పది నిమిషాలు ఉంటుంది. ఆ ఐస్ గడ్డకట్టించడానికి మీ ఫ్రిజ్ వెనక నుంచి వదిలిన వేడి కూడా అదే ఇంట్లో ఉంది. ఐస్ మజ్జిగలో వేసుకోండి.