పార్కిన్సన్స్ పరిశోధనకు మనం ఇచ్చే డబ్బు నిజంగా ఉపయోగపడుతుందా?

మీ అమ్మగారికి పార్కిన్సన్స్ (కదలికలను దెబ్బతీసే మెదడు జబ్బు) అని తేలిందనీ, పరిశోధనకు విరాళం ఇవ్వాలని ఉన్నా 50 ఏళ్ళుగా అదే మాత్ర వాడుతున్నారు కాబట్టి డబ్బు ఎటు పోతోందో అర్థం కావడం లేదనీ అడిగారు. మా నాన్నకు ఈ జబ్బు బయటపడి 11 ఏళ్ళయింది. మొదట్లో నాకూ ఇదే కోపం ఉండేది.

మాత్ర పనిచేస్తున్నంతసేపు నాన్న తన చొక్కా గుండీలు తానే పెట్టుకుంటారు. దాని ప్రభావం తగ్గగానే గడప దగ్గర కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్టు నిలబడిపోతారు. అప్పుడు ఆయన పాదం ముందు నా పాదం అడ్డంగా పెడతాను. దాన్ని దాటడానికి అడుగు లేస్తుంది.

ఆ మాత్రలో ఉన్న మందు లెవోడోపా. కదలికలకు అవసరమైన డోపమైన్ అనే రసాయనంగా ఇది మెదడులో మారుతుంది. రిసర్పిన్ అనే మందు ఇవ్వడంతో కదలకుండా పడిపోయిన కుందేళ్ళకు 1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ బృందం దీన్ని ఇస్తే అవి లేచి తిరిగాయి. మోతాదు మెల్లగా పెంచుతూ నోటి ద్వారా ఇస్తే రోగులకు మేలు జరుగుతుందని 1967లో జార్జ్ కోట్జియాస్ అనే వైద్యుడు చూపించారు. కుందేళ్ళ మీద పనికి డబ్బు పెట్టినవాళ్ళకు రేపు ఎవరు బాగుపడతారో తెలియదు. నాన్న గుండీలు పెట్టుకోగలుగుతున్నది ఆ పని వల్లే.

అయితే లెవోడోపా లక్షణాలను తగ్గిస్తుందే తప్ప జబ్బును ఆపదు. ఆపే మందు కనిపెట్టడం ఎందుకింత కష్టమంటే, వణుకు కనిపించేసరికే డోపమైన్ తయారుచేసే కణాల్లో చాలా భాగం పోయి ఉంటాయి. పైగా మందు పనిచేస్తోందో లేదో చూడటానికి ఇన్నాళ్ళూ వైద్యుల చేతిలో ఉన్న ప్రధాన సాధనం కదలికలను చూసి మార్కులు వేయడమే. అందుకే, పార్కిన్సన్స్ పరిశోధనకు నిధులిచ్చే అమెరికా సంస్థ మైకేల్ జె. ఫాక్స్ ఫౌండేషన్ 2010లో మొదలుపెట్టిన పీపీఎంఐ అధ్యయనానికి (జబ్బు ఎలా ముదురుతుందో కొలిచే గుర్తులను వెతికే పని) నేను అంత విలువ ఇస్తాను. ఏళ్ళ తరబడి వాలంటీర్ల రక్తం, వెన్ను ద్రవం, స్కాన్లు సేకరించి దాచారు. ఆ నమూనాలు ఉన్నాయి కనుకనే, వెన్ను ద్రవంలో చెడిపోయిన ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీన్‌ను (ఈ జబ్బులో మెదడు కణాల్లో పేరుకునేది) పసిగట్టే పరీక్షను వెయ్యిమందికి పైగా వ్యక్తుల మీద సరిచూసి 2023లో ఫలితాలు ప్రచురించగలిగారు. నమూనాలు దాచే పనికి ఏ కంపెనీ తనంత తానుగా ముందుకు రాదు.

పేటెంటు తీరిపోయిన పాత మందుల సంగతీ అంతే. లాభం రాదు కాబట్టి వాటిని పరీక్షించే భారం ఎక్కువగా ప్రభుత్వ నిధుల మీదా, దాతల మీదా పడుతుంది. ఇక ఫలితమంటారా, చాలాసార్లు నిరాశే. మధుమేహానికి వాడే సూదిమందు ఎక్సెనటైడ్ 62 మంది పార్కిన్సన్స్ రోగులతో చేసిన చిన్న పరీక్షలో ఆశ పుట్టించింది. 194 మందితో 96 వారాలు నడిపిన పెద్ద పరీక్షలో ఉపయోగం లేదని 2025లో తేలింది. ఆ వార్త చదివిన రోజు నాకు భోజనం సయించలేదు. అయినా ఆ డబ్బు వృథా అనను. ఆ పరీక్ష జరగకపోతే ఎంతమంది ఆ సూదులు వేసుకుంటూ కూర్చునేవారో!

విరాళం ఇచ్చే ముందు ఆ సంస్థను రెండు విషయాలు అడగండి. ఎవరికి నిధులు ఇవ్వాలో బయటి శాస్త్రవేత్తలు పరిశీలించి చెబుతారా? విఫలమైన ఫలితాలను కూడా ప్రచురిస్తారా? తడబడితే వేరేచోటికి వెళ్ళండి. ఒకేసారి పెద్ద మొత్తం ఇవ్వడం కన్నా నెలనెలా కొంత ఇవ్వడం మేలని నా అభిప్రాయం; పరీక్షలు ఏళ్ళ తరబడి సాగుతాయి కదా.

అమ్మగారు చేరదగ్గ అధ్యయనం ఏదైనా ఉందేమో వైద్యులను అడగండి. డబ్బుతో పాటు మనుషులు కూడా కావాలి. నాన్న నాలుగేళ్ళుగా ఒక అధ్యయనంలో ఉన్నారు. వెళ్ళిన ప్రతిసారీ కాగితం మీద సుడిగీత గీయిస్తారు. కింద తేదీ తానే వేస్తానంటారు. అంకెలు చీమలబారులా చిన్నవైపోతాయి. ఆయన రాయడం పూర్తయ్యేదాకా ఎవరూ తొందరపెట్టరు.