మంచు ఊళ్లో గోంగూర

ప్రశ్న: మేం అమెరికాలోని మినియాపొలిస్‌లో ఉంటాం. ఏప్రిల్‌లో నాలుగు రోజులు ఎండ కాసిందని గోంగూర, వంగ నారు నేలలో నాటాను. ఒక్క రాత్రికే నల్లబడి వాలిపోయింది. ఇంట్లో పెట్టిన కరివేపాకు కూడా చలికాలమంతా ఆకు రాలుస్తోంది. ఏం చేయాలండీ?
– ఒక పాఠకురాలు

జవాబు: ఏప్రిల్ ఎండను నమ్మకండమ్మా. అక్కడ మే మధ్య దాకా రాత్రిళ్లు మంచు పడే ప్రమాదం ఉంటుంది. ఆకుల్లో నీరు గడ్డకట్టి మొక్క నల్లబడిపోతుంది.

నేనైతే వంగ గింజలు మార్చిలో, గోంగూర ఏప్రిల్‌లో ఇంట్లోనే లైటు కింద చిన్న కప్పుల్లో వేస్తాను. మే ఆఖర్లో వారం పాటు పగలు బయట, రాత్రి లోపల పెట్టి అలవాటు చేస్తాను. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గడం లేదనుకున్నాకే నేలలో నాటడం. ఇక జులైలో చూడాలి గోంగూర జోరు! అక్కడ వేసవి పగళ్లు బాగా పొడుగు కాబట్టి తొందరగా పూతకు పోదు, ఆకే వేస్తుంది. జానెడు దాటగానే తల తుంచితే పక్క కొమ్మలొస్తాయి. సెప్టెంబరు ఆఖరుకల్లా మొత్తం కోసి, నూనెలో మగ్గించి ఫ్రీజర్‌లో పెట్టేయండి.

ఏప్రిల్‌లో చెయ్యి ఊరుకోకపోతే బఠాణీ, పాలకూర వేయండి, చలికి తట్టుకుంటాయి. అక్టోబరులో వెల్లుల్లి నాటి పైన గడ్డి కప్పితే జులైకి చేతికొస్తుంది.

కరివేపాకు గురించి టెన్షన్ వద్దు. వెలుతురు తగ్గితే ఆకు రాల్చడం దానికి మామూలే. ఎరువు ఆపేసి, పైమట్టి రెండంగుళాలు ఎండాకే నీళ్లు పోయండి. కాండాన్ని గోటితో కాస్త గీరండి. లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది.