డేటా ఉంది కానీ థీసిస్ కదలట్లేదు అన్నారు కదా, దానికి సమాధానం

మేడమ్, డేటా అంతా చేతిలో ఉంది, నాలుగేళ్లయింది, క్లాసులూ పేపర్లు దిద్దడంతోనే రోజు అయిపోతోంది, ఇక నావల్ల కాదేమో అన్నారు కదా, అది మీ తెలివికి సంబంధించిన సమస్య కానే కాదండి. యూనివర్సిటీలో పాఠాలు చెప్తూ పీహెచ్‌డీ చేసేవాళ్లు చాలామంది ఆగిపోయేది ఇక్కడే, రాయడం దగ్గర. క్లాసుకి టైముంటుంది, మీటింగుకి పిలుపొస్తుంది, థీసిస్ ఏమైందని మాత్రం ఎవరూ అడగరు, అందుకే అదే వెనక్కి పోతుంది.

ముందు మీ డిపార్ట్‌మెంట్ హెడ్‌ని ఒక సెమిస్టర్‌కి క్లాసులు తగ్గించమనో స్టడీ లీవ్ ఇమ్మనో లెటర్ పెట్టి అడగండి, నోటిమాటగా ఒప్పుకుంటే పరీక్షలు రాగానే మర్చిపోతారు. ఏ చాప్టర్ ఎప్పటికి ఇస్తారో కూడా అందులోనే రాయండి.

గైడ్ మీ డిపార్ట్‌మెంట్ వాళ్లే అన్నారు, అదే అసలు చిక్కు, రోజూ కారిడార్‌లో కనిపిస్తారు కాబట్టి విడిగా కూర్చోవడం జరగదు, పైగా కొలీగ్ కదా, గట్టిగా అడగలేం. నెలకో తేదీ పెట్టుకుని వారం ముందే నాలుగు పేజీలు పంపేయండి, ఎంత పచ్చిగా ఉన్నా సరే.

సెలవుల్లో ఒకేసారి రాసేద్దామని మాత్రం ఆగకండి, రోజూ అరగంటైనా కూర్చోండి. పరిశోధన ఎలా చేశారో చెప్పే మెథడ్స్ చాప్టర్‌తో మొదలుపెట్టండి, అది మీరు చేసిన పనే కాబట్టి తొందరగా కదులుతుంది.